ఎగ్మూర్ మ్యూజియంలో రాతి గొడ్డళ్లు ఎవరివి?

వేళచ్చేరి శీను:
సెలవులని మావాణ్ని ఎగ్మూర్ మ్యూజియానికి తీసుకెళ్లా. రాతి గొడ్డళ్లు చూసి "ఇవి మన తాతల తాతలు చేసినవేనా నాన్నా?" అన్నాడు. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో దొరికిన పనిముట్లు 15 లక్షల ఏళ్ల నాటివట. మనుషులు ఆఫ్రికా దాటింది 60, 70 వేల ఏళ్ల కిందటే అంటారు. లెక్క కుదరట్లేదు, ఎవరైనా చెప్పండి.

నంద్యాల మామ:
అంత పాత గొడ్డళ్లు మన జాతివి, అంటే హోమో సేపియన్స్ మనుషులవి కావండీ. మన జాతి ఎముకల్లో బాగా పాతవి మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికాయి, వాటి వయసే సుమారు 3 లక్షల ఏళ్లు. అంతకుముందే వేరే జాతి మానవులు ఇక్కడ తిరిగారు.
మన జాతి ఇండియాకి ఎప్పుడొచ్చిందన్న అసలు తగువంతా మా జిల్లాలోని జ్వాలాపురం మీద. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే బూడిద అక్కడిదాకా వచ్చిపడింది. ఆ పొర కిందా పైనా ఒకే తీరు పనిముట్లు! అవి మన జాతివాళ్లవేనని పురావస్తు శాస్త్రవేత్త పెట్రాగ్లియా బృందం 2007లో రాసింది. ఎముక ఒక్కటీ దొరకలేదుగా, ఎలా నమ్ముతామని మిగతావాళ్లు. నాకూ ఆ అనుమానమే.

తాంబరం సుజాత:
శీనుగారూ, ఆఫ్రికా దాటడం ఒక్కసారే జరగలేదు. ఇజ్రాయెల్‌లోని మిస్లియా గుహలో దొరికిన దవడ 1,80,000 ఏళ్ల నాటిది. ఆ తొలి గుంపుల ఆనవాళ్లు మన డీఎన్‌ఏలో దాదాపు లేవు. మీరన్న 60, 70 వేలు ఆ తర్వాత వచ్చి నిలదొక్కుకున్నవాళ్ల లెక్క.

వేళచ్చేరి శీను:
థాంక్సండీ. అత్తిరంపాక్కం వెళ్తే ఏమైనా చూపిస్తారా?

నంద్యాల మామ:
దానికంటే పూండి రిజర్వాయర్ దగ్గరి మ్యూజియం నయం. సెలవు రోజేదో కనుక్కుని బయల్దేరండి.