1994 సౌదీ-ఎయిర్‌బస్ ఫ్యాక్సులు: శాటిలైట్ నుంచా, కేబుల్ నుంచా?

ఎషెలాన్ (అమెరికా, దాని మిత్రదేశాలు కలిసి నడిపిన సమాచార నిఘా వ్యవస్థ) మీద యూరోపియన్ పార్లమెంటు 2001లో వెలువరించిన నివేదిక చదివినవాళ్లకు ఓ ప్రశ్న. సౌదీతో ఎయిర్‌బస్ విమానాల బేరం తాలూకు ఫ్యాక్సులు, ఫోన్లు అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పట్టేసిందని 1995లో బాల్టిమోర్ సన్ పత్రిక రాసింది. ఏ దారిన పట్టింది? ఇంటెల్‌శాట్ (అంతర్జాతీయ ఫోన్లు మోసే శాటిలైట్లు) డౌన్‌లింక్, అంటే శాటిలైట్ నుంచి నేలకు దిగే సిగ్నల్, అయితే తేలికే. బీమ్ ఖండాల మీద పరుచుకుంటుంది, మామూలు ఫ్యాక్సుకు ఎన్‌క్రిప్షన్ ఉండదు. పెద్ద డిష్, సిగ్నల్‌లోంచి ఛానెళ్లు విడదీసే పరికరం (డీమాడ్యులేటర్) ఉంటే సరి. కానీ జెడ్డానీ మార్సెయ్‌నీ కలిపే సీ-మీ-వీ 2 అనే సముద్రగర్భ ఫైబర్ కేబుల్ కూడా 1994లోనే మొదలైంది. ఫైబర్ సిగ్నల్‌ని గాల్లోకి వదలదు. కేబుల్ ఒడ్డుకు చేరే ల్యాండింగ్ స్టేషన్‌లోనో, ఎక్స్ఛేంజిలోనో చెయ్యి పెట్టాల్సిందే. లంచాలు పట్టుకోవడానికే నిఘా పెట్టామని సీఐఏ మాజీ అధిపతి వూల్సీ 2000లో ఇచ్చుకున్న సమర్థన వద్దు (అందులో సాంకేతిక వివరం లేదు). ఏ స్టేషన్‌లో పట్టారో చెప్పే డీక్లాసిఫైడ్ (రహస్య ముద్ర తీసేసిన) పత్రం ఎవరైనా చూసుంటే పేరు, పేజీ నంబరు ఇవ్వగలరా?