ఎండాకాలం ఆవకాయలు, వడియాలు, అల్లికలు: సరదానా, ఆడవాళ్ళ చాకిరీనా?

కోనసీమ కోడలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వారం రోజులుగా ఒకటే చర్చ. మీరంతా ఏమంటారో తెలుసుకుందామని రాస్తున్నాను.

మా అత్తగారి ఊరు అమలాపురం దగ్గర. ఏటా మే రెండో వారానికి అందరం అక్కడికి చేరతాం. ఆడపడుచులు, తోడికోడళ్ళు, పిల్లలు, అల్లుళ్ళు కలిపి ఇరవై మందికి పైనే. చేరిన మర్నాటి నుంచే పనులు మొదలవుతాయి. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలతో ఆవకాయ, ఆ తర్వాత మాగాయ, గుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే తలుపులు దగ్గరకు వేసి నడవాలో చాపలు పరుచుకుంటాం. ఒకరు పాత చీరలు మడతపెట్టి బొంత కుడతారు, ఒకరు వైరు బుట్ట అల్లుతారు. పిల్లలు అష్టాచెమ్మా గీసుకుంటారు. సాయంత్రం ఆడపిల్లల్లో ఎవరో ఒకరికి పూలజడ.

ఈసారి మా తోడికోడలు ముందే ఫోన్ చేసింది. "అక్కా, ఈ ఏడు ఏమీ పెట్టొద్దు, పచ్చళ్ళు కొనేద్దాం. నాకు దొరికేది పది రోజుల సెలవు. పదీ వంటింట్లోనే అయిపోతున్నాయి" అంది. మా అత్తగారు చాలా చిన్నబుచ్చుకున్నారు. నేను మాత్రం ఆ పది రోజుల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తాను. ఆఫీసు టెన్షన్లన్నీ ఆ చాప మీద కూర్చుంటేనే దిగుతాయి నాకు. తను చెప్పింది తప్పని అనలేను, మానేయడానికి మనసూ ఒప్పుకోవడం లేదు. మీ ఇళ్ళలో ఏం చేస్తున్నారు?

పాత జాడీ

అమ్మాయీ, మానకండి. నాకు అరవై ఎనిమిదేళ్ళు. నేనింతవరకూ కొన్న ఆవకాయ కంచంలో వేసుకోలేదు. రుచి కోసమే చెప్పడం లేదు. ఆవకాయ ఒక్క మనిషి చేసే పని కాదు. కాయలు కడిగి తడి లేకుండా తుడిచేది ఒకరు, కత్తిపీట మీద కొట్టేది ఒకరు. ముక్కలోని జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచేది పిల్లలు. మా మనవడు ఆరేళ్ళప్పుడు ఆ పొర ఎండిపోయి కాగితంలా ఊడి వస్తుంటే ఒక్కటీ చిరగకుండా తీసి పళ్ళెంలో వరసగా పేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మే వస్తే "అమ్మమ్మా, కాయలు ఎప్పుడు కొడుతున్నారు" అని వాడే అడుగుతాడు.

ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు గిన్నెకు కాస్త తక్కువ. పప్పునూనె. మూడో రోజు తిరగ కలిపినప్పుడు నూనె పైకి తేలాలి. ఇదంతా పుస్తకం చూసి రాదు, పక్కన కూర్చుంటేనే వస్తుంది. మీ తరంలో ఆపేస్తే తర్వాతి వాళ్ళకు ఎవరు నేర్పుతారు?

లెక్కల టీచర్

పెద్దమ్మగారూ, మీ మాట మీద గౌరవంతోనే ఇంకో వైపు చెబుతున్నాను. నేను ఆ తోడికోడలి పక్షమే.

మా ఇల్లు తెనాలి దగ్గర. ఎండాకాలం అంటే మాకు పండగే. కానీ మా అమ్మకు? ఆవకాయ కలిపిన రోజు రాత్రి ఆమె చేతులు రెండూ మండిపోయేవి. గిన్నెలో చల్లటి మజ్జిగ పోసుకుని అందులో వేళ్ళు ముంచుకుని అరుగు మీద కూర్చునేది. మేమంతా డాబా మీద నీళ్ళు చల్లుకుని పక్కలు వేసుకుని కథలు చెప్పుకుంటుంటే పైకి వచ్చేది కాదు. తెల్లవారుజామున నాలుగింటికి మినప్పప్పు రుబ్బాలి కదా, అందుకని. ఆ వేసవుల గురించి మేం అక్కచెల్లెళ్ళం ఎంత సంబరంగా మాట్లాడుకున్నా అమ్మ ఏనాడూ ఆ కబుర్లలో కలవలేదు. ఒకసారి అడిగితే "నాకవేం గుర్తులేవే, ఎప్పుడు జూన్ వస్తుందా అని చూసేదాన్ని" అంది. అప్పటికి నాకు నలభై ఏళ్ళు. అన్నేళ్ళు నాకు ఆ సంగతి తెలియలేదు.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారని అప్పుడు తేలింది. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే ఆడవాళ్ళు నూటికి 81 మంది అయితే మగవాళ్ళు 26 మంది. ఇది మామూలు రోజుల లెక్క. ఇరవై మంది దిగిన ఇంట్లో ఆ 299 ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

మంజీర తీరం

టీచరమ్మా, మీరు చెప్పింది నిజమే. కానీ అన్ని ఇళ్ళూ ఒక్క తీరుగ ఉండవు. మాది మెదక్ దిక్కు. మా ఇంట్ల తొక్కు పెడితే కాయలు కొట్టేది బాపు, తెచ్చేది బాపు. నేను, తమ్ముడు అల్లం ఎల్లిగడ్డ పొట్టు తీసేవాళ్ళం. అమ్మ కలిపేది. మగవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చుంటరనేది మా ఇంట్ల చూడలేదు.

లెక్కల టీచర్

అన్నా, మీ బాపుగారికి నమస్కారం. ఒక్కటే అడుగుతాను. కాయలు కొట్టడం గంట పని. అది అయ్యాక కత్తిపీట ఎవరు కడిగారు? మధ్యాహ్నం అందరికీ అన్నం ఎవరు వండారు? జాడీలు ముందు రోజు ఎండలో పెట్టి సాయంత్రం గుర్తుపెట్టుకుని లోపలికి తెచ్చింది ఎవరు?

మంజీర తీరం

అమ్మనే. అది ఒప్పుకోవాలె.

లేసు ఊరి పిల్ల

అందరూ వంటింటి దగ్గరే ఆగారు. నేను అల్లికల గురించి చెబుతాను, మాది నరసాపురం దగ్గర పల్లె కాబట్టి.

మా ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. ఇక్కడి ఆడవాళ్ళు అల్లిన లేసు విదేశాలకు వెళుతుంది. 2024లో దానికి ఈ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. వినడానికి ఎంతో బాగుంటుంది. మా అమ్మ, మా పిన్ని రోజుకు ఆరేడు గంటలు అల్లేవాళ్ళు. ఏజెంటు దారం తెచ్చి ఇచ్చి, అల్లిన ముక్కలు లెక్కపెట్టి డబ్బులు ఇచ్చేవాడు. ఎక్కువ అడిగితే "ఇంటి దగ్గర ఊరికే కూర్చుని చేసేదేగా" అనేవాడు. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు కార్మికుల మీద ఒక పుస్తకం రాశారు. ఆవిడ చూపించింది సరిగ్గా ఇదే. వీళ్ళను గృహిణులు అని, చేసేది తీరిక పని అని అనడం వల్లే ఇంత తక్కువ కూలితో పని జరిగిపోతోందని.

అందుకే "ఎండాకాలం తీరిగ్గా అల్లుకునే సరదా" అని ఎవరైనా అంటే నాకు కాస్త గుచ్చుకుంటుంది. మా అమ్మకు ఎండ పనికి సాయం కాదు. చెమట చేతికి తెల్లదారం మాసిపోతుందని పక్కన బియ్యప్పిండి పెట్టుకుని వేళ్ళకు అద్దుకుంటూ అల్లేది.

అయితే ఇదీ చెప్పాలి. కూలికి అల్లడం మానేసిన పదేళ్ళకు, పోయిన వేసవిలో అమ్మ మళ్ళీ సూది పట్టింది. మా పాప గౌను మెడకు అంచు అల్లడానికి. నాలుగు రోజులు పట్టింది. మధ్యలో ఒక పువ్వు కుదరలేదని రెండు వరసలు విప్పేసి మళ్ళీ అల్లింది. ముక్కకు ఇంత అని లెక్క ఉన్న రోజుల్లో అయితే అలా విప్పేదే కాదు. పని అదే, సూది అదే. తనకు నచ్చినట్టు, తనకు నచ్చినప్పుడు చేసింది, అంతే.

కోనసీమ కోడలు

మీ అమ్మగారి మాట చదివాక కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను.

డల్లాస్ డాబా

నేను దూరం నుంచి చెబుతున్నాను. ఇక్కడ జులైలో ఎండ మన గుంటూరులాగే కాస్తుంది. నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఒక శనివారం పెట్టుకుంటాం. ఆవకాయకు సరిపడా టెంక ముదిరిన కాయ ఇక్కడ దొరకడం కష్టం, ఏదో దొరికినదానితో పెడతాం. సగ్గుబియ్యం వడియాలు మాత్రం పెరట్లో బల్ల మీద ఒక్క రోజులో గలగలమని ఎండిపోతాయి. మా ఆయన, పక్కింటి అన్నయ్య జావ కాచి గరిటెతో వేస్తారు. ఇక్కడ పనివాళ్ళు ఉండరు, అత్తగారూ ఉండరు, కాబట్టి మగవాళ్ళు చేయక తప్పలేదు. మొదట్లో తప్పక చేశారు. ఇప్పుడు తేదీ వాళ్ళే చెబుతున్నారు.

ఇంటికి ఫోన్ చేస్తే మా చెల్లి "మీకేం, సరదాగా చేసుకుంటారు" అంటుంది. పని పంచుకున్నాం కాబట్టే సరదాగా ఉంది.

గోదావరి గట్టు

నేను రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను, పన్నెండేళ్ళుగా. కొనడం అంటే ఏదో తప్పు చేసినట్టు మాట్లాడుతుంటే బాధగా ఉంది. నా దగ్గర సీజన్లో ఎనిమిది మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. అందరికీ రోజు కూలి ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది, చేతులకు గ్లౌజులు ఉన్నాయి. మీరు ఒక కిలో కొంటే అందులో వాళ్ళ పిల్లల స్కూలు ఫీజు ఉంటుంది. ఇంట్లో అమ్మ చేస్తే ఎవరూ కూలి ఇవ్వరు. ఇవ్వాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

పాత జాడీ

అమ్మా, నీ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిరుడు మా కోడలు ఒక దుకాణంలో కొన్న మాగాయ నెల తిరక్కుండా బూజు పట్టింది. ఉప్పు తగ్గించారు, ముక్క సరిగా ఎండలేదు. ఆ కోపంతో అన్నాను. నీలాంటి వాళ్ళ దగ్గర కొనుక్కుంటే అభ్యంతరం ఏముంటుంది.

గోదావరి గట్టు

పెద్దమ్మగారూ, అలా జరుగుతుంది, నేను కాదనను. ముక్కకు ఒక్క రోజు ఎండ తక్కువైనా మాగాయ నిలవదు. అది ఇంట్లో పెట్టినా అంతే.

మల్లెమొగ్గ

నేను ఇక్కడ అందరికంటే చిన్నదాన్ని అనుకుంటా, డిగ్రీ రెండో ఏడు. పచ్చళ్ళ సంగతి పెద్దవాళ్ళు తేల్చండి. పూలజడ మాత్రం ఎవరూ మానొద్దు, ప్లీజ్.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనత్త వేసింది. జడ పొడవున అట్టముక్క కత్తిరించి, తెల్లారి కోసిన మల్లెమొగ్గలను పక్కపక్కనే పేర్చి సూదీ దారంతో వరసలుగా కుట్టింది. నాలుగు వరసలకు ఒక కనకాంబరం వరస, మధ్యలో మరువం. నన్ను పీట మీద కూర్చోబెట్టుకుని మూడు గంటలు. "కదలకు, కదలకు" అంటూనే వాళ్ళ చిన్నప్పటి సంగతులన్నీ చెప్పింది. మా నాన్న తొమ్మిదో తరగతి ఒకసారి తప్పిన విషయం ఆ రోజే తెలిసింది నాకు. తర్వాత స్టూడియోకి తీసుకెళ్ళి వెనక అద్దం పెట్టి ఫోటో తీయించారు. ఆ రాత్రి మొగ్గలు విచ్చుకుంటాయి కదా, వెనక్కి ఆనుకోలేక బోర్లా పడుకున్నాను, దిండంతా వాసన.

మా అత్తకు అది పనిలా అనిపించిందా అని నిన్న ఇదంతా చదివి ఫోన్ చేసి అడిగాను. "పనేమిటే, ఆ మూడు గంటలూ నన్నెవరూ కాఫీ అడగలేదు" అంది.

లెక్కల టీచర్

తల్లీ, మీ అత్తగారు ఒక్క ముక్కలో చెప్పేశారు. నేనంటున్నదీ అదే. పూలజడ కుట్టడం, వడియాలు పెట్టడం, అల్లిక అల్లడం, ఇవేవీ చాకిరీ కావు. వీటితో పాటు మూడు పూటలా ఇరవై మందికి వండి వడ్డించాల్సి రావడం చాకిరీ. ఆ రెండూ ఒకే మనిషి మీద పడుతున్నాయి కాబట్టి మొదటిదాని మీద కూడా విరక్తి పుడుతోంది.

కోనసీమ కోడలు

టీచర్ గారూ, మీరు రాసింది చదివి రాత్రి మా తోడికోడలికి ఫోన్ చేశాను. గంటసేపు మాట్లాడుకున్నాం. తనకు వడియాలంటే విసుగు లేదట. నిజానికి బొంత కోసం తన పెళ్ళినాటి రెండు నేత చీరలు తీసి పెట్టుకుందట, పోయినేడు కుదరలేదని. తన బాధంతా పొద్దున్నే ఇరవై మందికి టిఫిను, పదకొండింటికి కాఫీలు, మళ్ళీ వంట. "అందరూ నడవాలో నవ్వుకుంటుంటే నేను పోపు పెడుతూ ఉంటాను అక్కా" అంది. పదిహేనేళ్ళుగా తను వంటింట్లో ఉండటం వల్లే నేను చాప మీద కూర్చోగలిగానని నాకు తట్టనే లేదు. తనకు అక్కడే క్షమాపణ చెప్పుకున్నాను.

ఈసారి ఇలా అనుకున్నాం. పది రోజులకూ ఊళ్ళోనే ఒక వంటమనిషిని మాట్లాడుతున్నాం, ఖర్చు అన్నదమ్ములు ముగ్గురూ పంచుకుంటారు. టిఫిను బయటి నుంచే. మాగాయ పెట్టడం లేదు, గోదావరి గట్టు గారూ, మీ దగ్గరే రెండు కిలోలు చెబుతాను. ఆవకాయ ఒక్క జాడీ. మా అత్తగారు మొదట ముఖం ముడుచుకున్నారు. బొంత విషయం చెప్పగానే తన దగ్గరున్న మామగారి పాత పంచెలు కూడా లోపలి పొరకు ఇస్తానన్నారు. మా మరిది పప్పు నానబెట్టి గ్రైండరు దగ్గర నిలబడతానని మాట ఇచ్చాడు.

పాత జాడీ పెద్దమ్మగారూ, ఒక సందేహం. గుమ్మడి వడియాలు ఎప్పుడూ అత్తగారే చూసుకునేవారు. ఈసారి మేమిద్దరం పెడదామనుకుంటున్నాం. ముక్కల్లో నీరు పోవడానికి ఏం చేయాలి? రెండేళ్ళ క్రితం నేను ఒక్కదాన్నే పెడితే పిండి జారిపోయి గుడ్డకు అతుక్కుపోయాయి.

పాత జాడీ

చాలా సంతోషం అమ్మాయీ. ముందు రోజు సాయంత్రమే బూడిద గుమ్మడికాయను సన్నటి ముక్కలు చేసి ఉప్పు, చిటికెడు పసుపు కలుపు. పాత పంచెగుడ్డలో మూటకట్టి పీట మీద పెట్టి పైన రోకలిబండ బరువు పెట్టు. తెల్లారేసరికి నీరంతా దిగిపోతుంది. ముక్కల్లో ఉప్పుంది కాబట్టి పిండిలో చూసి వేసుకో. పప్పు రుబ్బేటప్పుడు మీ మరిదిని నీళ్ళు పోయనివ్వకు, చేయి తడుపుకోవడానికి చాలినంతే. పిండి గట్టిగా ఉండి, చేత్తో పెడితే కూర్చోవాలి. గుడ్డ తడిపి పిండేసి పరుచు, ఎండ ఎక్కకముందే పెట్టడం అయిపోవాలి. మర్నాడు సాయంత్రం గుడ్డ తిరగేసి వెనక నీళ్ళు చిలకరించి కాసేపు ఆగితే వాటంతట అవే ఊడతాయి. మళ్ళీ రెండు రోజులు పళ్ళెంలో ఎండబెట్టు.

కాయ మాత్రం మీరిద్దరూ కొయ్యకండి. గుమ్మడికాయ మొదట కొట్టేది మన వైపు మగవాళ్ళే. ఆ పీట మీదే కూర్చోబెట్టి ముక్కలు కూడా వాళ్ళ చేతే కోయించండి.