చెదలా, చద్దన్నమా? పెరటి కోళ్లకు ఏది మంచిది?

మిద్దెకోళ్లు: హైదరాబాద్‌లో మా మిద్దె మీద 6 వనరాజా రకం పెట్టలున్నాయి. మూడు వారాలుగా గుడ్లు తగ్గాయి. వచ్చినవి కూడా వేలితో నొక్కితే సొట్ట పడేంత పల్చని పెంకుతో వస్తున్నాయి. గుడ్ల కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణా పెడుతున్నాను, రోజూ రెండు పూటలా మిగిలిన అన్నం కూడా. గిన్నె చప్పుడు వింటే చాలు, జాలీకి ముక్కులు ఆనించి నిలబడతాయి. అన్నం మానేయాలా?

గోదారిగట్టు: మానేయండి. అన్నంలో మాంసకృత్తులు నూటికి 3 పాళ్లు కూడా ఉండవు. గుడ్లు పెట్టే కోడి దాణాలో 16 అయినా ఉండాలి. అన్నంతో పొట్ట నిండితే దాణా ముట్టదు. చెదలు పెట్టండి. పాత కుండలో పేడ, ఎండుగడ్డి, గోనెసంచి ముక్కలు కుక్కి, నీళ్లు చల్లి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించండి. పొద్దున్నే ఎత్తి కోళ్ల ముందు దులపండి. మందు కొట్టిన చోటివి మాత్రం వద్దు.

జొన్నచేను: సాయంత్రం గుప్పెడు జొన్నలు చాలు.

మిద్దెకోళ్లు: మూడో అంతస్తు మీదికి చెదలు ఎక్కడి నుంచి తేవాలండీ? మా అమ్మమ్మ జీవితమంతా కోళ్లకు చద్దన్నమే వేసింది. ఏ కోడికీ ఏమీ కాలేదు.

తవుడుబస్తా: ఆ 3 లెక్క తప్పు. అన్నంలో సగానికి పైగా నీళ్లే. పొడి బియ్యంలో 7 దాకా ఉంటుంది. దాణాతో పోల్చాలంటే దాన్ని తీసుకోవాలి.

గోదారిగట్టు: 7 అయినా 16 కాదు కదా.

తవుడుబస్తా: కాదు. కానీ 3 అని రాయకూడదు.

రెండుపెట్టలు: గుడ్డు పెంకులు వేయించి పెట్టండి అక్కా, కాల్షియం.

గోదారిగట్టు: పెంకులు అలవాటైతే గుడ్లే పొడుచుకు తింటాయి. మా పెట్ట ఒకటి అలాగే చెడింది.

రెండుపెట్టలు: రవ్వలా దంచితే గుర్తుపట్టవండి. నాలుగేళ్లుగా పెడుతున్నాను.

మిద్దెకోళ్లు: గోదారిగట్టు గారూ, నేనేది అడిగినా కాదనే అంటున్నారు. అమ్మమ్మ కోళ్లకు పట్టిన అన్నం నా కోళ్లకు ఎందుకు పట్టదు?

గోదారిగట్టు: మీ అమ్మమ్మ కోళ్లు పగలంతా పెంట మీద కెలుక్కుని పురుగులు తినేవి, అన్నం పైపైన. మీవి పుట్టాక మట్టి తొక్కాయా? మీరు వాటిని పెంచడం లేదు, బంధించారు!

మిద్దెకోళ్లు: కింద వదిలితే పక్కింటివాళ్లు ఎలుకల మందు కలిపిన అన్నం పెట్టారు. ఒక్క సాయంత్రం నాలుగు చచ్చిపోయాయి. ఒకటి నా ఒళ్లోనే మెడ వాల్చేసింది. అప్పటి నుంచే జాలీ. ఇక్కడ ఎవరేమన్నా సరే, దింపను.

జొన్నచేను: అయ్యో.

గోదారిగట్టు: అది తెలియదమ్మా. మందు పెట్టడం పాపం. మాకూ నిరుడు ముంగిస 11 పిల్లల్ని ఎత్తుకెళ్లింది. అయినా వదులుతూనే ఉన్నాను. గంప కింద మూస్తే అవి కోళ్లలా ఉండవు, నేను చూడలేను. జాలీ ఎంత?

మిద్దెకోళ్లు: పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు.

గోదారిగట్టు: ఆరింటికి చాలా ఇరుకు. మిద్దె చుట్టూ వల కట్టి పగలు బయటికి వదలండి. వెడల్పాటి టబ్బులో పొడి మట్టి పోయండి, పొర్లుతాయి. అన్నం సాయంత్రం ఒక్కసారి, తలా చెంచాడు. కూర కలిపింది వద్దు, ఉప్పు.

మిద్దెకోళ్లు: వల కట్టిస్తాను. టబ్బు ఉంది, మట్టి రేపు తెస్తాను. కిందికి మాత్రం దింపను.