డిగ్రీ ప్రవేశాల ప్రచారాన్ని లెక్క కట్టి నడిపినవారు ఉన్నారా?

డెల్టా_గణితం: మాది చిన్న డిగ్రీ కళాశాల. సంక్రాంతి సెలవుల తర్వాత ప్రచారానికి తిరిగేది నలుగురం. చేతిలో 18 రోజులు, చుట్టూ 46 జూనియర్ కళాశాలలు. ఏటా పిల్లలు ఎక్కువున్న చోటికే పోతున్నాం, సీట్లు మాత్రం మిగులుతున్నాయి. ఈసారి లీనియర్ ప్రోగ్రామింగ్‌తో, అంటే ఉన్న పరిమితుల్లోనే ఎక్కువ ఫలితం వెతికే లెక్కతో, రోజులు పంచాలనుకుంటున్నాను.

కృష్ణాతీరం: ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు చేసిపెట్టే సాల్వర్ చాలు మాస్టారూ. ఏ కళాశాలకు ఎన్నిసార్లు వెళ్లాలన్నది చలరాశి, మొత్తం రోజులు పరిమితి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఎన్నోసారి వెళ్లినా ఫలితం ఒకటేనని రాశాను. సాల్వర్ రోజులన్నీ ఒకే ఊరికి ఇచ్చేసింది! రెండోసారి వినేదీ ఆ పిల్లలే కదా. మొదటి, రెండో, మూడో సందర్శనలకు తగ్గుతూ పోయే విలువలు విడివిడిగా ఇచ్చాక దారికి వచ్చింది.

పాలమూరు_టీచర్: అంతకంటే ముందు, ఎవరు చేరతారన్న అంచనా సరిగా ఉండాలి. మా లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (ఒక్కొక్కరు చేరే అవకాశం ఎంతో అంచనా వేసే పద్ధతి) మార్కులు, గ్రూపు, దూరం పెట్టాం. 22 కిలోమీటర్ల దూరంలోని ఒక ఊరి మీద మంచి ఆశ చూపించింది. ఒక్కరూ చేరలేదు. వెళ్లి అడిగితే ఒక తల్లి అన్నది: "చివరి బస్సు నాలుగున్నరకే మేడమ్. మీ ల్యాబు ఐదింటికి వదిలితే అమ్మాయి ఇల్లెట్లా చేరాలి?" బడి వదిలాక బస్సు ఉంటే 1, లేకుంటే 0 అని ఒక గడి చేర్చాను. ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి ల్యాబును ఉదయానికి మార్పించాం. మరుసటి ఏడాది ఆ ఊరి నుంచి ఐదుగురు అమ్మాయిలు వచ్చారు.

సీట్ల_పద్దు: తెలంగాణలో 2016 నుంచి చాలా డిగ్రీ కళాశాలల్లో సీట్ల కేటాయింపు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల వ్యవస్థ ద్వారా జరుగుతోంది. కాబట్టి "వస్తాం సార్" అన్నవారిని కాదు, మనల్ని మొదటి ఆప్షన్‌గా పెట్టేవారిని లెక్కించండి. ఇంకొక మాట బాధతో చెబుతున్నాను. పిల్లల ఫోను తీసుకుని, ఓటీపీ అడిగి ఆప్షన్లు తామే నింపేసినవారిని చూశాను. అలా చేరిన పిల్లల్లో చాలామంది దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. వారిని లాభంగా చూపించే నమూనా తప్పుడు నమూనా.

కృష్ణాతీరం: నిజం. అందుకే నేను "చేరినవారు" తీసేసి "రెండో సెమిస్టర్ పరీక్ష రాసినవారు" అని లక్ష్యం మార్చుకున్నాను. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలకూ కనీసం ఒకసారి వెళ్లాలని నియమం కూడా పెట్టాను. దానివల్ల మొత్తం అంచనాలో ఏడుగురు తగ్గారు. అయినా ఆ నియమం తీయను.

డెల్టా_గణితం: నిన్న బస్సు డిపోకు వెళ్లి వేళల పట్టిక రాసుకొచ్చాను. 46లో 11 ఊళ్లకు సాయంత్రం నాలుగున్నర దాటితే బస్సు లేదు. మా ల్యాబు కూడా ఐదింటికే వదులుతుంది. సోమవారం ప్రిన్సిపాల్ గారి ముందు ముందుగా ఈ పట్టికే పెడతాను.