అపార్ట్‌మెంట్‌లో కరెంటు పనికి ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే రావాలా?

నిజాంపేట ఫ్లాట్: ఐటీఐ సర్టిఫికెట్ లేని ఎలక్ట్రీషియన్‌ని గేటు దాటనివ్వకూడదని మా అసోసియేషన్‌లో రూల్ పెట్టబోతున్నారు. నేను గట్టిగా సపోర్ట్ చేశాను. బాత్రూం మార్పించాక గీజర్ ఆన్‌లో ఉండగా ట్యాప్ ముట్టుకుని మా ఆవిడ షాక్ తింది. గీజర్ ప్లగ్ ప్లేట్ విప్పించి చూస్తే ఎర్త్ వైరే లేదు, పని చేసినవాడు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి బెత్తెడు ముక్క తీసి ఎర్త్ పిన్‌కి కలిపేశాడు. ఆ న్యూట్రల్ లూజైతే గీజర్ బాడీకంతా 230 వోల్టులు. చదువుకున్నవాడు చేసే పనేనా ఇది?

బోరబండ మేస్త్రి: అది తప్పే సార్, నేను సమర్థించను. కానీ సర్టిఫికెట్ లేకే చేశాడని ఎట్లా అంటారు? నేను పదో తరగతి తప్పాను. మా మామ వెనక హెల్పర్‌గా గోడలకి గాడులు కొడుతూ నేర్చుకున్నా. ఒక ఇంట్లో ఆర్‌సీసీబీ, అదే కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్, మాటిమాటికీ పడిపోతోందని సర్టిఫికెట్ ఉన్న కుర్రాడు కొత్తది వేయించాడు, అదీ పడిపోయింది. నేను పోయి డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌ల బాక్సులో, న్యూట్రల్స్ ఒక్కొక్కటే ఊడదీసి చూస్తే, ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్‌ని మెయిన్ లైన్ న్యూట్రల్‌తో కలిపేసి ఉంది, అందుకే పడిపోతోంది.

మియాపూర్: సార్, ముందు గీజర్‌కి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి.

నిజాంపేట ఫ్లాట్: ఎంసీబీ ఉంది కదా, అది ఎందుకు పడలేదు?

ఉప్పల్ వైర్‌మ్యాన్: ఎంసీబీ ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి సార్. మనిషి ఒంట్లోంచి పోయే మిల్లీయాంపులకి అది కదలదు. ఆర్‌సీసీబీ ఫేజ్‌లో పోయినదీ న్యూట్రల్‌లో వచ్చినదీ పోల్చుకుంటుంది, తేడా వస్తే కట్ చేస్తుంది. ఇది ఐటీఐలో రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నాం. మేస్త్రి అన్నా, వైరింగ్ అయ్యాక మెగ్గర్ మీటర్ పెట్టి వైర్ల ఇన్సులేషన్ బాగుందా అని ఎప్పుడైనా చూశావా?

బోరబండ మేస్త్రి: మెగ్గర్ పెడితే ఎవరు పైసలిస్తారు తమ్ముడూ?

ఉప్పల్ వైర్‌మ్యాన్: అడిగింది అది కాదు. చూశావా లేదా?

బోరబండ మేస్త్రి: పెద్ద పనుల్లో చూస్తా. ఒక్క పాయింట్‌కి చూడను. నువ్వు చూస్తావా?

నిజాంపేట ఫ్లాట్: మెగ్గర్ కూడా పెట్టనివాళ్లని ఇంట్లోకి ఎందుకు రానివ్వాలి?

బోరబండ మేస్త్రి: రానివ్వకండి! కొత్త టైల్స్ ముట్టుకోవద్దు, ఉన్న పైపులోంచే లాగెయ్ అని ఆ పనివాడికి మీరు చెప్పలేదా? పాత పైపులో మూడో వైరు, అదే ఎర్త్, పట్టకపోతే ఏం చేస్తాడు?

నిజాంపేట ఫ్లాట్: చెప్పాను, ఎవరైనా చెప్తారు. ఎర్త్ రావట్లేదని వాడు నాతో ఒక్క మాట అనాలి కదా? అన్నీ అయిపోయాయని డబ్బులు తీసుకుని వెళ్లాడు. ఆ బాత్రూంలో చిన్నపిల్లలు కూడా స్నానం చేస్తారండీ.

ఉప్పల్ వైర్‌మ్యాన్: సార్, అసలు గొడవ నేను చెప్తా. అందరూ అడిగేది పాయింట్‌కి ఎంత అని. డీబీ దాకా ఎర్త్ లాగినా అదే రేటు, ఎగ్గొట్టినా అదే రేటు. లాగాలంటే నేను ఎక్కువ చెప్తా, పని ఇంకొకరికి పోతుంది. రెండేళ్లు ఐటీఐ, తర్వాత అప్రెంటిస్ చేసింది ఇందుకేనా అనిపిస్తుంది.

బోరబండ మేస్త్రి: ఈ మాట ఒప్పుకుంటా. కానీ రూల్ వస్తే గేటు బయట నిలబడేది నా హెల్పర్లు. 8వ తరగతితో వైర్‌మ్యాన్ ట్రేడ్‌లో చేరొచ్చు, నిజమే. రెండేళ్లు పగలు క్లాసులకి పోతే ఇంట్లోకి బియ్యం ఎవరు తెస్తారు?

మియాపూర్: పని అయ్యాక ఎర్త్ కంటిన్యుటీ (ఎర్త్ వైరు ఎక్కడా తెగకుండా ఉందా అన్నది) మల్టీమీటర్‌తో ఓనర్ ముందే చూపించి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి, చేసినవాడు సంతకం పెట్టాలి అని రాయండి రూల్‌లో.

ఉప్పల్ వైర్‌మ్యాన్: పెడతా. రేటు మాత్రం నాది.

నిజాంపేట ఫ్లాట్: అదీ రాస్తాం, సర్టిఫికెట్ రూలూ ఉంటుంది. ఆదివారం ఓటింగ్.

బోరబండ మేస్త్రి: ఓటింగ్ ముందు ఒక పని చేయండి సార్. మీ బిల్డింగ్‌లో ఎన్ని గీజర్ పాయింట్లకి నిజంగా ఎర్త్ ఉందో విప్పించి చూడండి. బిల్డర్ వైరింగ్ చేయించినప్పుడు ఎవరైనా సర్టిఫికెట్ అడిగారా?