అమ్మను వీల్‌చైర్‌లో పాత అడవికి తీసుకెళ్లాలని ఉంది, ఎక్కడికి వెళ్లగలం?

కొండమల్లి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లో, స్లౌలో ఉంటాం. ఏప్రిల్‌లో మా అమ్మ వస్తోంది. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది గానీ బయటికి వెళ్తే వీల్‌చైర్ తప్పదు. అడవి పక్క ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, ఇక్కడి అడవి చూడాలని ఆశ.

కిందటిసారి ఒక చోటికి తీసుకెళ్లాం. సులువైన దారి అని రాసి ఉంది. కారు దిగి యాభై గజాలు వెళ్లామో లేదో, ఒక్కో మనిషి మెలి తిరిగి దాటాల్సిన ఇరుకు గేటు ఎదురైంది. "మీరు వెళ్లి చూసి రండి, నేను ఇక్కడే కూర్చుంటాను" అంది అమ్మ. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. వీల్‌చైర్ నిజంగా వెళ్లగలిగే పాత అడవి ఏదైనా ఉందా?

చిగురాకు

కొండమల్లి గారూ, నేను తొమ్మిదేళ్లుగా వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. గేటు దగ్గర ఆగిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీకు బాగా దగ్గరలోనే బర్న్‌హామ్ బీచెస్ ఉంది. పేరు చూసి సముద్రతీరం అనుకోకండి, బీచ్ అనేది చెట్టు. 1880లో సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ ఆ అడవిని కొని జనం కోసం ఉంచింది. లోపల పాత తారు దారులు ఉన్నాయి, వాటిలో చాలా వాటి మీదికి ఇప్పుడు కార్లను రానివ్వరు. చక్రాలకు అంతకంటే ఏం కావాలి? అయితే అన్ని దారులూ చదునుగా ఉండవు. కొన్ని చోట్ల బాగా దిగుడు ఉంటుంది. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కించేటప్పుడు తోసేవాళ్ల భుజాలు పడిపోతాయి. మొదటిసారి పార్కింగ్‌కు దగ్గరగా ఉన్న చదునైన భాగంలోనే తిరగండి.

ఎక్కడికి వెళ్లినా ముందు ఫోను చేయండి. "వీల్‌చైర్ వస్తుందా?" అని మాత్రం అడగకండి, అందరూ వస్తుందనే అంటారు. గేటు వెడల్పు ఎంత, దారి ఏ పక్కకైనా వాలి ఉందా, వాన పడితే బురద అవుతుందా, బెంచీకీ బెంచీకీ మధ్య ఎంత దూరం అని అడగండి. ఎత్తు విషయంలో నా లెక్క ఇది: ఇరవై అడుగులకు ఒక అడుగు లేస్తే తోయడం తేలిక. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేస్తే అది కట్టిన ర్యాంపంత నిటారు, కాసేపటికే ఆయాసం వస్తుంది. పక్కవాలు గురించి ఎవరూ చెప్పరు, మనల్ని అలసగొట్టేది మాత్రం అదే. కుర్చీ అదే పనిగా ఒక పక్కకు లాగుతుంటే గంటలో మణికట్లు మంటెత్తుతాయి.

ఇక చెట్లు. అక్కడి ముసలి బీచ్‌లను పూర్వం తల ఎత్తుకు పైన నరికేవారు. వంటచెరుకు దొరికేది, కొత్త చిగుళ్లు పశువుల నోటికి అందేవి కావు. నరికిన చోటి నుంచే మళ్లీ కొమ్మలు లేచేవి. అలా నరికించుకుంటూ అవి వందల ఏళ్లు బతికాయి. మాను లోపల డొల్ల అయినా చెట్టు చావదు, ప్రాణమంతా బెరడు కింది పొరలోనే కదా. ఆ తొర్రలు చాలా వరకు కూర్చున్న మనిషి కళ్లకు ఎదురుగా ఉంటాయి. నిలబడ్డవాళ్లు వంగి చూడాలి, నాకు ఆ పని లేదు.

డ్రూయిడ్స్ ఓక్ అనే చెట్టు కూడా ఉంది, వయసు 800 ఏళ్లకు పైనే అంటారు.

పాలపిట్ట

చిగురాకు గారు చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను. మా నాన్నగారిని తోసిన అనుభవంతో చెబుతున్నాను. కంకరలోకి వెళ్తే ముందున్న చిన్న చక్రాలు దిగబడి కుర్చీ ముందుకు తూలుతుంది. అలాంటి చోట కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కెళ్లండి. రాడార్ తాళం చెవి కూడా ఒకటి కొనుక్కోండి. దేశమంతటా వేల సంఖ్యలో వికలాంగుల మరుగుదొడ్లు ఆ ఒక్క చెవితోనే తెరుచుకుంటాయి.

కొండమల్లి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎన్నేళ్లుంటే పాత అడవి అంటారు? నీలి పూలు కూడా కనిపిస్తాయా?

చిగురాకు

ఇంగ్లండ్‌లో 1600 నుంచి తెగకుండా అడవిగానే ఉన్న నేలను అలా అంటారు. చెట్టు వయసు కాదు, నేల వయసు. తెల్లగా పూసే వుడ్ అనిమొనీ అనే చిన్న మొక్కలు గుంపులుగా కనిపిస్తే ఆ నేల పాతదని ఒక గుర్తు. ఆ మొక్క నూరేళ్లలో ఆరడుగులు పాకితే గొప్ప.

నీలి పూలు, అంటే బ్లూబెల్స్, ఏప్రిల్ మధ్య నుంచి మే దాకా పూస్తాయి. కానీ ఈ అడవికి పేరు ముసలి చెట్ల వల్లే వచ్చింది, పూలు చూడాలంటే ఇంకో రోజు ఇంకో అడవికి వెళ్లండి. ఎక్కడైనా ఫొటో కోసం దారి దిగి పూలలోకి వెళ్లకండి. తొక్కిన ఆకు మళ్లీ లేవదు, ఆకు లేక దుంప నీరసిస్తుంది. ఆ విత్తనం మొలిచి పూసేసరికి దాదాపు ఐదేళ్లు పడుతుంది.

కొండమల్లి

నిన్న వెళ్లి వచ్చాం. ముందు ఫోను చేసి, మీరు చెప్పినవన్నీ అడిగాను. విసుక్కోకుండా చెప్పారు.

అమ్మ ఒక్క చెట్టు దగ్గరే అరగంట ఉంది. తొర్రలో చెయ్యి పెట్టి లోపలి చెక్కను నలిపితే నల్లటి పొడి రాలింది, తడి మట్టి వాసన వేసింది. అదే చెట్టుకు పైన లేత ఆకులు. ఒక కొమ్మ కిందికి వంగి ఉంటే ఆకును వేళ్ల మధ్య పట్టుకుంది. అంచు పొడవునా పట్టులాంటి సన్నని నూగు. "దీన్ని నరికినవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలుసు" అంది.

ఓక్ దాకా వెళ్లలేదు. దిగుడు చూసి నేనే భయపడ్డాను. ఈ ఆదివారం మా తమ్ముడు వస్తాడు, ఇద్దరం కలిసి తోస్తాం.