బుధుడి నుంచి వచ్చిన ఉల్కను ఎలా గుర్తుపడతారు?

అందరికీ నమస్కారం. అంగారకుడి ఉల్కల సంగతి నాకు బాగానే అర్థమైంది. అంటార్కిటికాలో దొరికిన ఈఈటీఏ 79001 అనే రాయిలో, గాజులా మారిన భాగాల్లో చిక్కుకున్న వాయువుల పాళ్లు 1976లో అక్కడ దిగిన నాసా నౌకలు, అంటే వైకింగ్ ల్యాండర్లు, అంగారకుడి గాలిలో కొలిచిన వాటితో సరిపోయాయి. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి! అలాంటి వాయువు లేని మిగతా రాళ్లను ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి చూసి అదే కుటుంబంలో చేరుస్తారు. చంద్రుడి రాళ్లకైతే పోల్చడానికి అపోలో వ్యోమగాములు తెచ్చిన నమూనాలున్నాయి.

నా చిక్కంతా బుధుడి దగ్గరే. అక్కడ ఏ ల్యాండరూ దిగలేదు, నమూనా రాలేదు, చెప్పుకోదగ్గ వాతావరణమూ లేదు. 2011 నుంచి 2015 దాకా బుధుడి చుట్టూ తిరిగిన నాసా నౌక మెసెంజర్ మాత్రం ఉపరితలంలో ఇనుము తక్కువ, గంధకం ఎక్కువ అని తేల్చింది. ఎన్‌డబ్ల్యూఏ 7325 అనే ఆకుపచ్చ ఉల్క బుధుడిదేమోనని 2013లో తెగ చర్చ జరిగింది. దాంట్లో ఇనుము తక్కువే, కానీ గంధకమూ తక్కువే. పైగా వయసు దాదాపు 456 కోట్ల ఏళ్లు, బుధుడి ఉపరితలం కంటే పాతది.

మరి నమూనా చేతికి రాకుండా, కక్ష్యలోంచి తీసిన కొలతలతోనే ఒక రాయి బుధుడిదని ఒప్పుకుంటారా? ఐసోటోపులను దేనితో పోలుస్తారు? తెలిసినవాళ్లు కాస్త వివరించండి, లెక్కలున్నా పర్వాలేదు.